తెలుగులో అడిగినా చెప్పకూడని అంకెలు

మా బడికి పుస్తకాలు దూరం నుంచి రావాలి. హోసూరు చుట్టుపక్కల మా పల్లెల్లో గులాబీ నారు దొరుకుతుంది, కూరగాయల విత్తనాలు దొరుకుతాయి, లారీ విడిభాగాలు దొరుకుతాయి. మూడో తరగతి పిల్ల తనంతట తాను చదువుకోగల తెలుగు కథల పుస్తకం మాత్రం దొరకదు. దానికి విజయవాడకో హైదరాబాదుకో ఫోను చేయాల్సిందే.

ఒకప్పుడు ఈ పని వి.పి.పి.లో జరిగేది. ఒక ఉత్తరం ముక్క రాస్తే పుస్తకాల కట్ట వచ్చేది. పోస్ట్‌మ్యాన్ చేతిలో డబ్బు పెట్టి కట్ట అందుకునేవాళ్లం. అమ్మేవాడి ముఖం మనం చూడకపోయినా, మన ముఖం అతను చూడకపోయినా, మధ్యలో తపాలా శాఖ నిలబడి ఉండేది. ఇప్పుడు మధ్యలో ఉన్నది ఫోను ఒక్కటే. అందుకే ఈ వారం చదువు సంగతులు కాస్త పక్కన పెట్టి, మా బడిలో జరిగిన రెండు సంగతులు చెబుతాం. రెండూ డబ్బు పోయిన కథలే. ఒకటి మా ఉపాధ్యాయులది, ఒకటి ఒక తల్లిది.

మాస్టారి కార్డు ఫొటో

కిందటేడు బడి గ్రంథాలయానికి 4,860 రూపాయల పుస్తకాలు ఎంచుకున్నాం. దుకాణానికి ఫోను చేస్తే అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. "కార్డు ముందూ వెనకా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి సార్. మేమే కొట్టుకుంటాం. ఓటీపీ వస్తే చెప్పండి, చాలు" అన్నాడు. మా లెక్కల మాస్టారు తన క్రెడిట్ కార్డును బల్ల మీద పెట్టి రెండు ఫొటోలు తీసి పంపారు. మేమంతా పక్కనే ఉన్నాం. ఒక్కరికీ తప్పుగా తోచలేదు.

ఐదో రోజుకు పుస్తకాలు వచ్చాయి. ఒక బొమ్మల పుస్తకం ఉచితంగా కూడా పెట్టారు. దుకాణం మంచిదే.

ఇరవై రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున మాస్టారు లేచి ఫోను చూస్తే బ్యాంకు సందేశాలు వరసగా ఉన్నాయి. రాత్రి ఒంటిగంటన్నరకు ఒక డాలరు. కొద్ది నిమిషాలకు మరికొన్ని డాలర్లు. ఆ తర్వాత ఇంకా పెద్ద మొత్తం. అంతా కలిపి 6,300 రూపాయలు. ఒక్కదానికీ ఓటీపీ రాలేదు, అడగలేదు. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేసి ఆయన కార్డు ఆపించారు. ఆ తర్వాత వచ్చిన ఇంకో ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

బ్యాంకువాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "మీ కార్డు వివరాలు ఎవరికైనా ఇచ్చారా?" మాస్టారు అబద్ధం ఆడలేదు. ఫొటో పంపాననే చెప్పారు. వివరాలు మీరే ఇచ్చారు కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వలేమని కొన్ని వారాలకు జవాబు వచ్చింది. బడి పుస్తకాల కోసం పోయిన డబ్బు ఒక్కరి మీద పడటం న్యాయం కాదని నలుగురం తలా 1,575 రూపాయలు వేసుకున్నాం.

దుకాణం యజమానికి ఫోను చేస్తే నిజంగానే బాధపడ్డాడు. ఆర్డర్లు తీసుకునే ఫోను ముగ్గురు పనివాళ్ల చేతుల్లో తిరుగుతుందట. ఈ మధ్య పాత ఫోను అమ్మి కొత్తది కొన్నారట. ఫొటో ఎవరి చేతిలో పడిందో ఈనాటికీ మాకు తెలియదు. అమ్మేవాడు మంచివాడా కాదా అన్నదే మేము ఆలోచించాం. మన ఫొటో అతని ఫోనులో ఎన్నాళ్లు పడి ఉంటుంది, ఆ ఫోను ఎవరెవరు ముట్టుకుంటారు అన్నది ఆలోచించలేదు.

తల్లి చెప్పిన మాట

ఈ సంగతి తల్లిదండ్రుల సమావేశంలో దాచకుండా చెప్పాం. అందరూ వెళ్లిపోయాక ఒక తల్లి ఆగింది. గులాబీ తోటలో కూలికి వెళ్లే మనిషి. జీతం బ్యాంకు ఖాతాలో పడుతుంది, చేతిలో ఒక డెబిట్ కార్డు ఉంది. ఎవరో ఫోను చేసి, నీ బిడ్డకు స్కాలర్‌షిప్ వచ్చింది, ఖాతాలో వేయాలంటే కార్డు నంబరు కావాలన్నాడట. చెప్పింది. తర్వాత ఫోనుకు వచ్చిన ఆరంకెలూ చదివి వినిపించింది. 9,000 రూపాయలు పోయాయి.

"తెలుగులో మాట్లాడె కదా అయివారూ, మనోళ్లే అనుకొంటిని" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఆమె బ్యాంకుకు వెళితే అక్కడ తమిళం. ఫోనుకు వచ్చే సందేశం ఇంగ్లీషు. ఆఫీసు కాగితం ఏదైనా తమిళమో ఇంగ్లీషో. ఇన్నాళ్లలో డబ్బు విషయం ఆమెతో తెలుగులో, నెమ్మదిగా, అమ్మా అని పిలిచి మాట్లాడినవాడు ఆ మోసగాడొక్కడే. బళ్లారిలోనో బరంపురంలోనో షోలాపూరులోనో ఉన్న మన పాఠకులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బయట తెలుగు మాట వినబడితే మన ప్రాణం లేచి వస్తుంది. ఆ మమకారమే వాళ్లకు పెట్టుబడి. భాష తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదని పిల్లలకు, పెద్దలకు చెప్పుకోవలసిన కాలం వచ్చింది.

ఇంకో సంగతి. ఆమె పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తిడతారని భయం. ఆ పదకొండు రోజుల మౌనం వల్ల ఏం పోయిందో ముందు ముందు చెబుతాం.

కార్డు మీద ఏ అంకె ఏం చేస్తుంది

పిల్లలకు చెప్పినట్టే చెబుతాం. కార్డు మీద సాధారణంగా ఉండే 16 అంకెల నంబరు మన ఇంటి చిరునామా లాంటిది. అందులో మొదటి అంకెలు ఏ బ్యాంకు కార్డో చెబుతాయి. నెల, సంవత్సరం ఉన్నది గడువు తేదీ. వెనక ఉన్న మూడంకెలు, సీవీవీ అంటారు, వీధి తలుపు తాళం చెవి. ఫోనుకు వచ్చే ఓటీపీ లోపలి గడియ.

మన దేశంలో కార్డుతో ఆన్‌లైన్ చెల్లింపుకు ఈ లోపలి గడియ తప్పనిసరి. రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి ఈ నియమం పెట్టింది. అందుకే ఓటీపీ చెప్పకపోతే చాలు, ఏమీ కాదు అని మనలో చాలామంది అనుకుంటారు. మా మాస్టారూ అలాగే అనుకున్నారు. కానీ చాలా విదేశీ వెబ్‌సైట్ల తలుపులకు లోపలి గడియ లేదు. నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెలు ఉంటే తలుపు తెరుచుకుంటుంది. రాత్రిపూట ఒక్క డాలరు తీసింది కార్డు పనిచేస్తున్నదో లేదో చూడటానికి. అది పనిచేసిందని తెలిశాకే పెద్ద మొత్తాలకు చేయి చాచారు.

మరి విదేశీ చెల్లింపుల దారి మాస్టారి కార్డులో ఎందుకు తెరిచి ఉంది? కొన్ని నెలల ముందు కూతురి పరీక్ష రుసుము ఒకటి డాలర్లలో కట్టాల్సి వచ్చి, ఆయనే బ్యాంకు యాప్‌లో ఆ మీట వేశారు. తర్వాత ఆపడం మరిచారు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమాల ప్రకారం కొత్త కార్డుకు విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం మనం కోరితేనే తెరుస్తారు. తెరిచినదాన్ని మూసుకునే వీలు, రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని హద్దు పెట్టుకునే వీలు పగలూ రాత్రీ ఇవ్వాలి. అంటే తాళం మన చేతిలోనే ఉంది. ఈ పేజీ చదవడం అయ్యాక చేయవలసిన మొదటి పని ఇదే: బ్యాంకు యాప్ తెరిచి విదేశీ వాడకం మూసి ఉందో లేదో చూడండి. యాప్ లేనివారు బ్యాంకు శాఖలో అడగండి.

దూరం నుంచి కట్టాలంటే

కట్టకుండా కుదరదు. హాస్టల్లో ఉన్న పిల్లవాడి ఫీజు, ప్రవేశ పరీక్ష రుసుము, పుస్తకాలు, రైలు టికెట్టు, అన్నీ ఇప్పుడు దూరం నుంచే. కాబట్టి ఎలా కట్టాలో చూద్దాం.

మొదటి పద్ధతి, కార్డు అసలు తీయకపోవడం. బిల్లు పంపమని, దాని మీద సంస్థ బ్యాంకు ఖాతా నంబరు ఉండాలని అడగండి. నెట్ బ్యాంకింగ్‌లో ఎన్.ఇ.ఎఫ్.టి. ద్వారా పంపేటప్పుడు అవతలి ఖాతా ఎవరి పేరున ఉందో చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ నాటికి ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. దుకాణం పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి అయితే అక్కడే ఆగి అడగండి.

రెండో పద్ధతి, చెల్లింపు లింకు. అమ్మేవారు మనకు ఒక లింకు పంపుతారు. అంకెలు మన ఫోనులో మనమే కొడతాం. మన కార్డు అవతలి మనిషి కంటికి కనబడదు. మన దేశంలో 2022 అక్టోబరు నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు తమ దగ్గర దాచుకోకూడదు. దాని బదులు ఆ వ్యాపారి దగ్గర మాత్రమే చెల్లే టోకెన్ ఒకటి ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు ఈ రక్షణ ఏదీ లేదు. అది అవతలివారి గ్యాలరీలో పడుతుంది. మన వైపు చెరిపేసినా అక్కడ దాచుకున్నది అలాగే ఉంటుంది.

లింకుకూ ఒక హెచ్చరిక. మనం అడిగితే వచ్చిన లింకు వేరు, అడగకుండా వచ్చింది వేరు. అడగకుండా వచ్చినదాన్ని తెరవకండి. అడిగి తెప్పించుకున్నా మొత్తం ఎంత, ఎవరి పేరున ఉంది అన్నవి చూశాకే అంకెలు కొట్టండి. పేజీ పైన తాళం గుర్తు ఉంది కదా అనుకోవద్దు. ఆ గుర్తు ఉంటే దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అవతల ఉన్నవాడు నిజాయితీపరుడని అది చెప్పదు.

మూడోది, ఫోనులోనే కట్టే పద్ధతి. కొన్ని సంస్థలకు ఫోను చేస్తే యంత్రం మాట్లాడి, కార్డు అంకెలు మీటల మీద నొక్కమంటుంది. నంబరు మనమే సరిచూసుకుని చేసిన ఫోను అయితే ఇది పరవాలేదు. మనిషి మాట్లాడుతూ నోటితో చెప్పమంటే వద్దు. ఎవరో మనకు ఫోను చేసి అంకెలు నొక్కమన్నా వద్దు.

అమెరికాలో ఉన్న మన బంధువులు, మేము కార్డు నంబరు ఫోనులో చెప్పేస్తాం కదా అంటారు. అక్కడ ఆ అలవాటు ఉంది. అక్కడి చట్టం ప్రకారం క్రెడిట్ కార్డును వేరెవరో వాడితే కార్డుదారు మోయవలసింది 50 డాలర్లకు మించదు. మన నియమాలు వేరు. వాళ్లను చూసి మనం చెప్పకూడదు.

ఇక ఇంట్లో వాళ్ల మాట. కొడుకు వేరే ఊళ్లో ఉండి, నాన్నా కార్డు ఫొటో పెట్టు అంటాడు. కన్నకొడుకే కదా అని పెడతాం. బ్యాంకు లెక్కలో అది కూడా ఇతరులకు ఇచ్చినట్టే. దానికన్నా లింకు మీకు పంపమనండి, మీరే కట్టండి. తరచూ అవసరమైతే క్రెడిట్ కార్డుకు అనుబంధ కార్డు అతని పేరున తీసుకోండి. చాలా బ్యాంకులు దానికి వేరే ఖర్చు హద్దు పెడతాయి.

క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు రెండూ ఉన్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. డెబిట్ కార్డులో మోసం జరిగితే మన ఖాతాలోని డబ్బు ఆ క్షణమే పోతుంది. నెల జీతం మొత్తం ఉన్న ఖాతా కార్డును ఆన్‌లైన్‌కు తెరిచి ఉంచకండి. ఆన్‌లైన్ కోసం చిన్న ఖాతా ఒకటి పెట్టుకుని, కావలసినంత వేసుకుని వాడటం మేలు.

డబ్బు పోతే

పోయిందని తెలిసిన నిమిషం నుంచి గడియారం తిరుగుతుంది. ముందు కార్డు ఆపించాలి. కార్డు వెనక అచ్చయిన నంబరుకే ఫోను చేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే దొంగ కస్టమర్ కేర్ నంబర్లు కూడా దొరుకుతాయి. ఆ నంబరు ఈరోజే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, కార్డు పోయిన రోజు అది చూడటానికి కార్డు ఉండదు కదా.

రెండోది 1930. ఇది కేంద్ర ప్రభుత్వపు సైబర్ మోసాల సహాయ నంబరు. డబ్బు మోసగాడి ఖాతాలో ఉండగానే చెబితే అక్కడే ఆపించే అవకాశం ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు.

మూడోది బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ఇలా చెప్పింది. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి, బ్యాంకు సందేశం వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత హద్దు వరకు మనం మోయాలి. ఏడు దాటితే బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తం మన ఖాతాకు తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో విచారణ తేల్చాలి. అంకెలు మనమే ఇచ్చినట్టయితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నష్టమే. చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు మోయాలి. అంటే తప్పు మనదే అయినా వెంటనే చెప్పడం దండగ కాదు. మాస్టారు ఆ తెల్లవారుజామునే చెప్పారు, 6,300 దగ్గర ఆగింది. ఆ తల్లి పదకొండు రోజులు ఆగింది. 1930కు చేసేసరికి ఆ డబ్బు చేతులు మారి ఎటో వెళ్లిపోయింది.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఖర్చు లేదు. వివరాలకు నంబరు 14448.

ఇంట్లో పెద్దలకు ఒక మనవి. డబ్బు పోగొట్టుకున్నవారిని ఆ రోజు తిట్టకండి. తిడతారన్న భయమే ఆ తల్లి నోరు నొక్కింది. ముందు 1930కు ఫోను చేయించండి.

బడిలో ఏం చేశాం

బడి కొనుగోళ్లకు ఎవరి సొంత కార్డూ ఫొటో తీయకూడదని కాగితం మీద రాసుకున్నాం. ఈ ఏడు పుస్తకాలకు అదే దుకాణానికి ఫోను చేశాం. "బిల్లు, సంస్థ ఖాతా నంబరు పంపండి" అన్నాం. ఒకరోజు ఆలస్యమైంది. పుస్తకాలైతే వచ్చాయి.

రెండో పని తరగతిలో చేశాం. ఇంగ్లీషులో వచ్చే ఓటీపీ సందేశాన్ని నల్లబల్ల మీద రాసి ఏడో తరగతి పిల్లల చేత తెలుగులోకి మార్పించాం. అసలు ఓటీపీ చోట సున్నాలు పెట్టాం. పిల్లలు రాసింది ఇది: "మీ కార్డు నుంచి ఫలానా వ్యాపారికి 2,350 రూపాయలు కట్టడానికి ఓటీపీ 000000. ఎవరికీ చెప్పవద్దు. ఇది మీరు చేస్తున్న చెల్లింపు కాకపోతే వెంటనే బ్యాంకుకు తెలపండి." దాన్ని ఇంటికి తీసుకెళ్లి అమ్మకూ నాన్నకూ అవ్వకూ చదివి వినిపించడమే ఆ రోజు ఇంటిపని. అంకెల కన్నా ముందు మాటలు చదవాలని చెప్పి పంపాం.

మర్నాడు ఆ తల్లి బిడ్డ నోటుపుస్తకం తెచ్చి చూపించింది. తన ఇంట్లో ఫోనులో ఇంకా చెరపకుండా ఉన్న ఆ పాత సందేశాన్ని కూడా తెలుగులో రాసింది. ఓటీపీ అంకెలు మాత్రం గీతలు పెట్టి వదిలేసింది. కింద తన మాటగా ఒక వాక్యం చేర్చింది: "అమ్మా, ఇందులో 9,000 వస్తుందని లేదు. కట్టడానికి అని ఉంది."